రెండు బండ్లు, ఒళ్ళో మూట

ఈమధ్య ఏ ఇంటికి పోయినా మగపిల్లలు ఫోన్లో బండ్ల బొమ్మలు ముందర పెట్టుకుని వాదులాడుకుంటున్నారు. ముందుకు వంగి తోలే పరుగు బండి మంచిదా, కాళ్ళు చాపుకుని దొరలా కూర్చునే పెద్ద బండి మంచిదా అని. ఏది సుఖం, ఏది అందం, ఏది దర్జా. గంటలు గంటలు ఇదే. వింటుంటే నాకు నడుములో సన్నగా నొప్పి మొదలవుతుంది. ఈ వాదన నాకు కొత్తది కాదు. ముప్పై ఏళ్ళ కిందట మా పావగడ తాలూకాలో దీన్ని మొదటి నుంచి చివరి దాకా విన్నాను, అదీ రెండు బండ్ల మీదా వెనక కూర్చుని విన్నాను. ఏ బండి సుఖం అని నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగలేదు కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

పెద్దబండి మా అన్నది. ఉరికేబండి మా ఆయనది. వాటికి కంపెనీవాళ్ళు పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి గానీ మా రెండిళ్ళలోనూ ఇవే పేర్లు. శెనక్కాయ, అదే వేరుశెనగ, విరగపండిన ఒకే ఏడు, ఒక నెల అటూ ఇటూగా, ఇద్దరూ కొన్నారు. ఆ తర్వాత వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. మేపలేక మా ఇంట్లో ఎద్దులు అమ్ముకున్నాం, అన్న వాళ్ళు గొర్రెలు అమ్ముకున్నారు. బండ్లు మాత్రం ఇద్దరిళ్ళలోనూ అలాగే ఉన్నాయి. గడ్డి తినవు కదా అనేవాళ్ళు. పెట్రోలు తాగే సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

పెద్దబండిని బయల్దేరదీయడం ఒక పూజ. ముందర దీపం బుడ్డి మీద గడియారంలో లాంటి చిన్న ముల్లు ఒకటి ఉంటుంది, అది సరిగ్గా నడిమికి వచ్చేదాకా అన్న కాలితో మెల్లగా తొక్కాలి. వచ్చాక ఒక మీట నొక్కాలి. అప్పుడు ఊపిరి బిగబట్టి ఒక్క తన్ను తన్నాలి. ఏ ఒక్కటి తప్పినా బండి తిరిగి అన్న ముంగాలి మీదే తన్నేది. అన్న కుంటుతూ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి మళ్ళీ ముల్లు చూసుకునేవాడు. అంత తన్నులు తిని కూడా దాన్ని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. వదిన ఒకసారి, పాలిచ్చే గేదె తన్నినా కాళ్ళు కట్టేస్తాం కదా అంటే, అన్న ఆ రోజంతా తిండి ముట్టలేదు.

ఉరికేబండికి ఈ తంతు లేదు. చిన్న తన్నుకే లేచి చెవుల్లో కందిరీగలు తోలినట్టు అరిచేది. మా ఆయన దాన్ని కొన్న వారంలోనే దానికున్న చీర జాలీ, ఆడవాళ్ళు కాళ్ళు పెట్టుకునే పలక, వెనక పట్టుకునే కడ్డీ మూడూ పీకించేశాడు. అవి ఉంటే బండి ముసలిదానిలా కనిపిస్తుందట. పీకినవాటిని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. నేను పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పుడు చూసిన మొదటి వస్తువుల్లో ఆ గోనెసంచి ఒకటి. ఇదేమిటని అడిగితే చెప్పాడు. మరి నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగితే, నన్ను పట్టుకో అన్నాడు. పట్టుకోవడం చేతుల సంగతి, నేనడిగింది కాళ్ళ సంగతి. ఆ తేడా ఆయనకు ఎన్నడూ అర్థం కాలేదు.

అబద్ధం ఎందుకు, రెండు బండ్లూ నాకు ఇష్టమే అయిన రోజులున్నాయి. పెళ్ళికి ముందు, నిడుగల్లు కొండ అవతల పెద్దబండి దుడుదుడుమంటే అన్న వస్తున్నాడని ఇంట్లో ముందు నాకే తెలిసేది. ఆ చప్పుడుకు గుండె నిబ్బరంగా ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం మా ఆయన నన్ను ఉరికేబండి మీద చదును రోడ్డు మీద తీసుకుపోయాడు. కొప్పు ఊడి జుట్టంతా గాలికి లేచింది. నాకు ఎందుకో నవ్వు ఆగలేదు. ఆయన కూడా నవ్వుతున్నాడని వీపు కదలికను బట్టి తెలిసింది. చదును రోడ్డు మా దిక్కున ఎంత ఉండేదని అడిగితే, ఆ నవ్వు అయిపోయేంత ఉండేది.

మిగతా దారి అంతా గుంతలు, కంకర. ఆ దారిలో పెద్దబండి సీటు కింద ఉండే స్ప్రింగులు మనిషిని పైకి ఎగరేస్తాయి. ఎగిరిన మనిషి కిందికి వచ్చే సమయానికి అవి పైకి వస్తుంటాయి. రెండూ మధ్యలో కలుసుకుంటాయి. అక్కడ నలిగేది వెనక కూర్చున్నవాళ్ళ వెన్నుపూస. పైగా ఆ ఇనుమంతా జ్వరమొచ్చినట్టు వణుకుతుంది, దిగాక అరగంట దాకా పాదాలు మనవి కావు. ఉరికేబండిలో వణుకు లేదు, స్ప్రింగుల ఆట లేదు. గుంతలో పడితే పడిన దెబ్బ పడినట్టే నేరుగా నడుముకు వచ్చేస్తుంది. సీటు ముందుకు వాలుగా ఉంటుంది, బ్రేకు వేసినప్పుడల్లా జారి ఆయన వీపుకు గుద్దుకోవడం, మళ్ళీ వెనక్కి జరగడం. చీర కట్టుకుని ఒకపక్కకు కూర్చున్న ఆడమనిషికి ఈ రెండింట్లో ఏది సుఖమంటే, బస్సు.

వీళ్ళిద్దరూ కలిసినప్పుడల్లా వాదన మొదలయ్యేది. పండగకు కలిసినా, చావుకు కలిసినా అదే. అన్న తన బండి మీద కూర్చుంటే మంచం మీద కూర్చున్నట్టు ఉంటుందనేవాడు. మంచం మీద కూర్చోవడానికి బండి ఎందుకని మా ఆయన. తన బండి చక్రం గుంతలో పడేలోపలే గుంత దాటిపోతుందట. రోడ్డు మీద ఉండే బరువే బండికి మర్యాద అని అన్న, గాలిలో ఉండే తేలికే బండికి అందం అని మా ఆయన. మధ్యలో అన్నాలు చల్లారిపోయేవి. వడ్డించిన వాళ్ళం నేనూ వదినా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

మూడో ఏడు మొదలయ్యేసరికి మా మెట్టినింట్లో విత్తనానికి ఒక్క కాయ లేదు. మాది మంగళవాడ దిక్కు, రెండెకరాల ఎర్రనేల, దాని పైన గట్టుచేను అని పావెకరా ముక్క. మొదటి ఏడు వేసింది మాడిపోయింది. రెండో ఏడు అప్పు చేసి తెచ్చి వేసింది మొలిచి ఎండింది. ఇక వేయడానికి మా అమ్మ దగ్గర తప్ప మాకు తెలిసిన చోట ఎక్కడా మంచి విత్తనం లేదు. అమ్మ పొలం కొండ దిగువ ఉండేది, కొండ మీద పడిన నాలుగు చినుకులూ అటే దిగేవి. ఆ నాలుగు చినుకులతో పండిన కాయలో గట్టివి ఏరి, బూడిద కలిపి, మట్టి గాదెలో వేసి, మూతకు పేడ మెత్తి ఉంచింది. ఆ విత్తనం ఆమె తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ప్రతి ఏడూ కొంత వేసి, కొంత దాచి, ముప్పై ఏళ్ళుగా చేయి మారకుండా కాపాడింది.

ఆ గాదె మా కోసం తెరిచింది. తెరిచే ముందు ఒకే మాట చెప్పింది, "ఇది పోతే నా కాడ మల్లా లేదు పాపా." ఆ మాట ఆమె అన్న తీరుకు నాకు భయం వేసింది.

విత్తనం కాయను మిషన్లో వలవకూడదు, కట్టెతో కొట్టకూడదు, పళ్ళతో అసలే కొరకకూడదు. చేత్తోనే వలవాలి. పప్పు రెండు బద్దలుగా విడిపోయినా, పైన ఎర్ర పొట్టు ఊడినా అది నేలలో కుళ్ళిపోతుందే తప్ప మొలవదు. కాయలు కాయలుగానే తీసుకుపోయి మా ఇంట్లో వలుచుకోవచ్చు గదా అని అడిగాను. అక్కడ చేతులు రెండు జతలే, నావీ మా అత్తవీ. పైగా అమ్మకు తన కళ్ళ ముందర వలిస్తే తప్ప నమ్మకం లేదు. అందుకని నేనే పుట్టింటికి పోయాను. అమ్మ, వదిన, నేను కలిసి పదహైదు రోజులు వలిచాం. మూడో రోజుకే నా బొటనవేలి గోరు కింద పగిలి నెత్తురు వచ్చింది. గుడ్డ పీలిక చుట్టుకుని వలిచాను. నేను గట్టిగా నొక్కుతున్నానని అమ్మ నా చేతిలో కాయ లాక్కుని చూపించింది.

"ముక్కు కాడ ఒత్తల్ల, అంతే. అదే తెరుచుకుంటాది. లోపల ఉండేదానికి తెలియనే గూడదు" అంది.

ఆమె బొటనవేలితో ఒత్తితే టప్ మని చిన్న చప్పుడు, పప్పు చెక్కుచెదరకుండా అరచేతిలోకి జారేది. నాకు ఆ ఒత్తు పట్టుబడడానికి వారం పట్టింది. మూటలు కట్టాక వాటి మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు అమ్మ. పిల్లి ఎక్కి పడుకుంటే దాన్ని కూడా మెల్లగా ఎత్తి దించింది, తోలలేదు.

మృగశిర కార్తె ఎండగా పోయింది. ఆరుద్రలో ఒకనాడు మధ్యాహ్నం పట్టుకుని పొద్దు గూకేదాకా కురిసింది. మర్నాడు పొద్దున్నే మా ఆయన ఉరికేబండి మీద వచ్చేశాడు. మా పొలంలోనూ పదును వాన పడిందట, జానెడు లోతు తడి ఉందట, మర్నాటికి ఎవరివో ఎద్దులూ నాగలీ మాట్లాడుకుని వచ్చాడు. పదును రెండు రోజులుంటుంది, మూడో రోజు గాలికి ఆరిపోతుంది. అంటే విత్తనం ఆ రోజే ఇల్లు చేరాలి. బస్సుకు వేస్తే పైన ఎక్కించి, దించేటప్పుడు కిందికి విసురుతారు. అందుకని బండ్ల మీదే, మెల్లగా, జాగ్రత్తగా తీసుకుపోవాలని అనుకున్నాం. అన్న కూడా వస్తానన్నాడు. అక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది.

పెద్ద మూటలు రెండు. అమ్మ లోపల గట్టుచేనికని పది సేర్లు వేరే పాత పంచెలో కడుతోంది. వాకిట్లో వీళ్ళిద్దరూ మూటలు బండ్లకు కట్టుకుంటూ ఉండగా, ఏ మూట ఏ బండి మీద మెత్తగా పోతుందని మాట వచ్చింది. నా బండి మీద అంటే నా బండి మీద. అప్పుడు అన్నకు ఒక ఆలోచన తట్టింది. నా జీవితంలో అన్న ఆలోచనలు చాలా చూశాను గానీ ఇంతటిది చూడలేదు.

"నువ్వు చెప్పేదీ వద్దు, నేను చెప్పేదీ వద్దు బావా. చెరొక మూట ఏసుకుందాం. ఇంటికి పోయినాక ఇప్పి చూద్దాం. యాడ బద్దలు తక్కువ ఉంటే ఆ బండి సుఖం. విత్తనమే చెప్తుంది" అన్నాడు.

మా ఆయన ఒప్పుకున్నాడు. తెల్లారి లేస్తే ఎద్దుల కోసం, వాన కోసం, విత్తనం కోసం అలమటించిన మనిషి, ఆ విత్తనాన్నే బండికి పరీక్షగా పెట్టడానికి సరేనన్నాడు. విత్తనంతో పందేలేమిటని నేను అన్నను అడిగాను. పందెం కాదు, పరీక్ష అన్నాడు. పరీక్షలో తప్పేది ఎవరని అడిగాను. ఇద్దరూ అప్పటికే తాళ్ళు బిగిస్తున్నారు, వినలేదు. అమ్మను పిలిచి చెబుదామా అనుకున్నాను. చెబితే ఆమె మూటలు దించేస్తుంది, బస్సు అంటుంది, బస్సుకు వేస్తే ఇంకా నాశనం, పదును ఆరిపోతుంది. నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకున్నందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మ బయటికొచ్చి పంచె మూట నా చేతికిచ్చింది. ఒళ్ళోనే పెట్టుకోమంది, ఎక్కడా కింద పెట్టొద్దంది. వీళ్ళిద్దరికీ మెల్లగా పొమ్మని చెప్పింది. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

ఉరికేబండి వెనక సీటు మీద మూట కట్టేశారు కాబట్టి నేను పెద్దబండి ఎక్కాను. అన్న మూట నా వెనక ఇనుప క్యారియరు మీద. ఊరు దాటేదాకా ఇద్దరూ మెల్లగానే పోయారు. దాటాక మా ఆయన, తన బండి వేగంగా పోతేనే మెత్తగా పోతుంది కాబట్టి, వేగంగా పోయాడు. దుమ్ములో కలిసిపోయాడు. అన్న, తన బండి బరువుకు గుంతలు లెక్కలేదు కాబట్టి, గుంతలు తప్పించకుండా పోయాడు. తప్పిస్తే పరీక్షకు అర్థం లేదట.

నేను ఒకపక్కకు కూర్చుని ఎడమచేత్తో అన్న భుజం పట్టుకుని కుడిచేత్తో మూటను పొట్టకు అదుముకున్నాను. రెండు గుంతలు అయ్యాక తెలిసింది, సీటు నన్ను ఎగరేసినప్పుడు ఒళ్ళోని మూట కూడా ఎగిరి తొడల మీద దబ్బున పడుతోంది. లోపల పప్పు గలగలమంటోంది. అప్పటి నుంచి అన్న భుజం మీదుగా మెడ చాచి దారి చూడడం మొదలుపెట్టాను. గుంత వస్తుందనగా భుజం వదిలేసి రెండు చేతులతో మూటను గాలిలోకి ఎత్తి పట్టుకునేదాన్ని. సీటు దెబ్బ నడుముకు తగిలేది, మూటకు తగిలేది కాదు. గుంత దాటాక మెల్లగా ఒళ్ళోకి దించుకునేదాన్ని. మళ్ళీ గుంత. మళ్ళీ ఎత్తడం. పది సేర్లే గానీ, వందసార్లు ఎత్తితే అది ఎంత బరువో ఎత్తినవాళ్ళకు తెలుసు. నా వెనక క్యారియరు మీద ఉన్న మూట గతి ఏమిటో వెనక్కి తిరిగి చూడలేకపోయాను, చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.

సగం దారిలో ఒక టీ అంగడి. మా ఆయన మాకంటే ఎంతో ముందు వచ్చి, టీ తాగి, రెండో టీ చెప్పుకుని కూర్చున్నాడు. అన్న బండి ఆపగానే ఆయనకు ఒక న్యాయం గుర్తొచ్చింది.

"ఇది సరిగాలేదు బావా. నీ బండి మీద ఈమె బరువుండాది. బరువుంటే బండి ఎగరదు. ఇంకో సగం నా బండి మీద ఎక్కిస్తే సమానమైతాది" అన్నాడు.

అన్న గొంతులో నిజాయితీ చూడాలి. అవునప్పా, అది న్యాయమే అన్నాడు. ఇద్దరూ పెద్దమనుషుల్లా ఆలోచించి నన్ను బరువు కింద లెక్కగట్టారు. నేనేమన్నా తూకంరాయినా అని అడిగాను. ఇద్దరూ నవ్వారు, హాస్యమాడుతున్నాననుకున్నారు. తర్వాత ఉరికేబండి వెనక మూట విప్పి ముందర పెట్రోలు ట్యాంకు మీదికి మార్చారు. ఆ పనిలో పడి నాకు టీ చెప్పడం ఇద్దరూ మరిచిపోయారు. మూట కింద పెట్టకూడదు కాబట్టి నేను నిలబడే ఉన్నాను.

రెండో సగం గురించి ఎక్కువ రాయను, రాస్తే నా నోరు మంచిగా ఉండదు. కాళ్ళు పెట్టుకోవడానికి పలక లేదు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, అవి రెండూ మా ఇంటి అటక మీద సుఖంగా ఉన్నాయి. రెండు చేతులూ మూటకే పోయాయి. ఒక పాదం మాత్రం చిన్న ఇనుప ముక్క మీద ఆనించి, ఆ ఒక్క పాదం బలంతో ప్రతి గుంతకూ సీటు మీద నుంచి పిసరంత లేచి కూర్చునేదాన్ని. బ్రేకు వేస్తే ముందుకు జారుతాను, మూట ఆయన వీపుకూ నా పొట్టకూ మధ్య నలుగుతుంది. నలగకుండా మోచేతులు అడ్డం పెట్టాను. మెల్లగా పొమ్మని మూడుసార్లు అరిచాను. ఆ బండి అరుపులో నా అరుపు ఆయనకు వినపడలేదు. వినపడలేదని ఆయన ఇప్పటికీ అంటాడు, నమ్ముతాను, ఎందుకంటే దిగిన తర్వాత చెప్పినా వినపడని మనిషి.

ఇల్లు చేరాక మా అత్త చేటలు తెచ్చి వసారాలో పరిచింది. నేను కింద కూర్చున్నాను, కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. అన్న తన మూట విప్పి దోసిలి నిండా తీశాడు. పొట్టంతా రాసుకుపోయి ఎర్రటి పొడి అయింది, మూడో వంతు పప్పు బట్టతలలా తెల్లగా మెరుస్తోంది. ఇనుప క్యారియరు వణుకు చేసిన పని అది. మా ఆయన తన మూట విప్పాడు. పొట్టు ఉంది గానీ దోసిట్లో మూడో వంతు బద్దలే, రెండుగా చీలిపోయి ఉన్నాయి. పదహైదు రోజులు మూడు జతల చేతులు వలిచిన పప్పు. మా అత్త ఒక బద్దను తీసుకుని వేళ్ళ మధ్య తిప్పి చూసి, చేటలో వేసింది.

వాళ్ళిద్దరికీ అప్పుడైనా సిగ్గు వేస్తుందనుకున్నాను. వేసింది, కాదనను. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. కానీ మా అత్త నా ఒళ్ళోంచి పంచె మూట తీసి విప్పేసరికి, పది సేర్ల పప్పు అమ్మ గాదె పక్కన ఎలా ఉండిందో అలాగే ఉంది. ఎర్రగా, నిండుగా, ఒక్క బద్ద లేకుండా. అది చూడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

సగం దారి నా బండి మీదే వచ్చింది గదా అన్నాడు అన్న. రెండో సగం రోడ్డు ఇంకా పాడు గదా, అక్కడ కూడా బద్దలు కాలేదంటే అది నా బండి గొప్పేనన్నాడు మా ఆయన. క్యారియరు మీద పెట్టడం తప్పయింది, సీటు మీద పెట్టి ఉంటే ఇట్లాగే ఉండేదని అన్న. ట్యాంకు మీదికి మార్చడం తప్పయింది, సీటు మీదే ఉంచి ఉంటే ఇట్లాగే ఉండేదని మా ఆయన. నేను వాళ్ళకు మూరెడు దూరంలో, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని ఉన్నాను. వాదన నా తల మీదుగా అటూ ఇటూ పోతోంది. నాకు ఏడుపు రాలేదు. చేటలో పప్పు ఎత్తి ఇద్దరి మీదా చల్లాలనిపించింది. విత్తనం కాబట్టి చల్లలేదు.

పొద్దు గూకేదాకా నేనూ మా అత్తా బద్దలు ఏరేశాం. మర్నాడు నాగలి వెనక చాలులో విత్తనం వేసింది కూడా నేనే. రోజంతా వంగి వేశాను. పొట్టు ఊడినవాటిని కూడా వేయక తప్పలేదు, మూరకు ఒకటైనా మొలవకపోతుందా అని ఆశ. గట్టుచేనికి పంచె మూట.

ఎనిమిదో రోజుకు మొలక తేలింది. రెండెకరాలూ పళ్ళూడిన నోరులా ఉంది. పైకి నిండుగా కనిపించిన పప్పుకు కూడా లోపల దెబ్బ తగిలే ఉంది. పది బారల చాలులో నాలుగు మొలకలు, మళ్ళీ బోడి నేల. సందుల్లో వేయడానికి విత్తనం ఎక్కడుంది, అమ్మ గాదె ఊడ్చి ఇచ్చేసింది. గట్టుచేను మాత్రం దువ్వెనతో దువ్వినట్టు చాలుకు చాలు నిండుగా లేచింది. ఆ ఏడు తర్వాతి వానలు కూడా అంతంత మాత్రమే. రెండెకరాల్లో పండింది కూలీలకు ఇచ్చే గింజలకే సరిపోయింది. మళ్ళీ ఏటికి విత్తనమని గాదెలో వేసుకోవడానికి పనికొచ్చిన కాయ ఆ పావెకరాలోదే. అమ్మ ముప్పై ఏళ్ళు కాపాడిన విత్తనం తెగిపోకుండా ఆ పది సేర్ల మీద నిలిచింది. ఆ సంగతి అప్పటికి తెలియదు. అప్పటికి తెలిసింది బోడి నేల ఒక్కటే.

పదో రోజు అమ్మ వచ్చింది. అన్న పెద్దబండి మీద తీసుకొస్తానంటే వద్దని బస్సెక్కి వచ్చింది, అన్న బస్సు వెనకే బండి మీద వచ్చాడు. ఆమె నేరుగా పొలానికి నడిచింది. చెప్పులు గట్టు మీద విడిచి, చాళ్ళ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. అక్కడక్కడ వంగి వేలితో మట్టి తోడి, కుళ్ళిన పప్పు తీసి చూసి, మళ్ళీ మట్టి కప్పింది. తిట్టినా బాగుండేది.

గట్టుచేను దగ్గరికి వచ్చి నిలబడింది. ఇక్కడ ఎట్లా మొలిచిందని ఆమె అడగకముందే అన్న మొదలుపెట్టాడు. మా ఆయన అందుకున్నాడు. సగం దారి, రెండో సగం, సీటు, క్యారియరు, ట్యాంకు. పది రోజులుగా నమిలిన మాటలే. అప్పుడు నాకు ఇక తట్టుకోవడం కాలేదు.

"అవి నీ బండి మీదా రాలేదన్నా, ఆయన బండి మీదా రాలేదు. నా ఒళ్ళో వచ్చినాయి. గుంత గుంతకూ ఎత్తి పట్టుకున్న్యా. దెబ్బలన్నీ నా నడుముకు తగిలినాయి, దానికి తగల్లేదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను చెప్పింది అర్థమైందనుకున్నాను. అన్న తల గోక్కుని, నిజంగా ఆలోచించి, మంచి మనసుతోనే అన్నాడు.

"అట్లయితే వచ్చే ఏడు అన్నీ చిన్న చిన్న మూటలు కట్టి నీ ఒళ్ళోనే పెడదాం పాపా. నాలుగు తిరుగుళ్ళు తిరిగితే సరిపోతాది."

మా ఆయన తలూపాడు. నాలుగు తిరుగుళ్ళయితే రెండు ఈ బండి మీద, రెండు ఆ బండి మీద సమానంగా వేసుకోవచ్చన్నాడు.

నేను వెనక్కి తిరిగి గట్టు మీద కూర్చున్నాను. వాళ్ళతో ఇంక మాట్లాడేది లేదు. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ళ వైపు చూడలేదు, గట్టుచేను వైపూ చూడలేదు. నా కొంగు పక్కకు తీసి, రవికె కింద వెన్నుపూస మీద బొటనవేలు పెట్టింది. గట్టిగా కాదు, మెత్తగా కాదు, కాయ ముక్కు దగ్గర ఒత్తినట్టు ఒత్తింది.

"ఈడనా?" అంది.

అంత కోపంలోనూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇంకొంచెం కింద అని చెప్పాను. ఆమె వేలు ఇంకొంచెం కిందికి జరిగింది. పది రోజుల్లో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

సాయంత్రం బస్సుకు ఆమెను రోడ్డు దాకా దింపి వస్తామని బండ్లు రెండూ వాకిట్లోకి వచ్చాయి. ఒకటి దుడుదుడుమంటోంది, ఒకటి కందిరీగల్లా అరుస్తోంది. ఎవరి బండి ఎక్కుతారని ఇద్దరూ అడిగారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం రోడ్డు దాకా మెల్లగా నడిచిపోయాం.